కంటిలో ఇమిడే మెత్తని అద్దం: ఒట్టో విఖ్టెర్లె జీవితం

11.0 పరిచయం

చూపు మందగిస్తే మనం కళ్లజోడు పెట్టుకుంటాం. కొందరు కళ్లజోడుకు బదులు కంటి నల్లగుడ్డు మీదే ఒక చిన్న కటకాన్ని పెట్టుకుంటారు. దానినే కాంటాక్ట్ లెన్స్ అంటారు. వేలికొన మీద పెట్టుకుని చూస్తే అది నీటిబొట్టులా ఉంటుంది. ముట్టుకుంటే మెత్తగా వంగుతుంది. కంట్లో నలక పడితేనే మనం ఓర్చుకోలేం. అలాంటిది ఒక వస్తువును రోజంతా కంట్లో ఉంచుకోవడం ఎలా సాధ్యమైంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టెర్లె. ఉద్యోగం పోయినా, ప్రభుత్వం సాయం ఆపేసినా ఆయన ఈ పని వదలలేదు. చివరికి ఇంట్లోని బల్ల మీద, పిల్లల ఆటవస్తువులతో కట్టిన యంత్రంతో దానిని సాధించాడు. ఆయన జీవితకథను ఈ పాఠంలో చదువుదాం.

11.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

- విఖ్టెర్లె జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
- మోనోమర్, పాలిమర్, హైడ్రోజెల్ అంటే ఏమిటో సొంత మాటల్లో వివరించగలుగుతారు.
- మెత్తని కటకం తయారైన పద్ధతిని వర్ణించగలుగుతారు.
- ఒక ఆవిష్కరణ ఫలితం ఎవరికి దక్కాలి అనే విషయం మీద మీ అభిప్రాయం రాయగలుగుతారు.

11.2 పాఠం

11.2.1 బాల్యం, చదువు

ఒట్టో విఖ్టెర్లె 1913 అక్టోబరు 27న మొరావియా ప్రాంతంలోని ప్రొస్త్యెయోవ్ పట్టణంలో పుట్టాడు. అప్పట్లో ఆ ప్రాంతం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1918లో అది చెకొస్లొవేకియా దేశంలో చేరింది. 1993లో ఆ దేశం రెండుగా విడిపోయినప్పటి నుంచి చెక్ రిపబ్లిక్‌లో ఉంది.

ఆయన తండ్రి వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఒక పెద్ద కర్మాగారంలో భాగస్వామి. ఆ కర్మాగారం తరువాత కార్లు కూడా తయారుచేసింది. కొడుకు కూడా అందులోనే స్థిరపడితే జీవితం సాఫీగా సాగిపోయేది. కాని ఒట్టో మనసు సైన్సు వైపు మొగ్గింది. ప్రాగ్ నగరంలోని చెక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివి 1936లో పట్టా పుచ్చుకున్నాడు. ఆ తరువాత అక్కడే పరిశోధనలో చేరాడు.

1939 మార్చిలో హిట్లర్ సైన్యం ప్రాగ్‌ను ఆక్రమించింది. విద్యార్థులు నిరసన తెలిపారు. దాంతో నవంబరు 17న చెక్ విశ్వవిద్యాలయాలన్నింటినీ మూసివేశారు. అవి మళ్లీ తెరుచుకున్నది యుద్ధం ముగిసిన 1945లోనే. అధ్యాపక వృత్తిలో నిలదొక్కుకుంటున్న యువకుడికి ఒక్కసారిగా దారి మూసుకుపోయింది.

11.2.2 బాటా కర్మాగారంలో

ఆ సమయంలో ఆయనకు పని దొరికింది జ్లీన్ పట్టణంలోని బాటా సంస్థలో. బాటా పేరు మనకు కొత్త కాదు. మన ఊళ్లలో చెప్పుల దుకాణాల మీద కనిపించే పేరే అది. ఆ సంస్థ పుట్టిల్లు జ్లీన్. అది 1930లలో మన దేశానికి వచ్చి, కలకత్తా దగ్గర బాటానగర్ అనే కర్మాగార పట్టణాన్నే నిర్మించింది.

జ్లీన్‌లోని బాటా పరిశోధనశాలలో విఖ్టెర్లె ప్లాస్టిక్కుల మీద పని చేశాడు. కాప్రొలాక్టమ్ అనే పదార్థం నుంచి 1941లో ఆయన బృందం కృత్రిమ దారం తీసింది. దానికి తరువాత సిలాన్ అనే పేరు వచ్చింది. అది నైలాన్ కుటుంబానికి చెందిన దారం. యుద్ధం తరువాత మేజోళ్లు మొదలైనవి ఆ దారంతో తయారై చెకొస్లొవేకియాలో ఇంటింటికీ చేరాయి.

1942లో హిట్లర్ రహస్య పోలీసులైన గెస్టాపోవారు ఆయనను జైలులో పెట్టారు. కొన్ని నెలల తరువాత విడిచిపెట్టారు. అధికారం తలచుకుంటే శాస్త్రవేత్తను కూడా ఎంత సులభంగా పక్కకు నెట్టగలదో ఆయనకు అప్పుడే తెలిసివచ్చింది. ఆ అనుభవం మరో రెండుసార్లు, వేరే రూపంలో ఎదురుకానుంది.

యుద్ధం ముగిశాక ఆయన ప్రాగ్ తిరిగివచ్చి మళ్లీ పాఠాలు చెప్పాడు, రసాయన శాస్త్రంలో పాఠ్యపుస్తకాలు రాశాడు. ప్లాస్టిక్కుల గురించి బోధించే విభాగాన్ని ఏర్పరచాడు.

పాఠగత ప్రశ్నలు - 1

1. 1939లో విఖ్టెర్లె విశ్వవిద్యాలయాన్ని ఎందుకు వదలవలసి వచ్చింది?
2. ఆయన బృందం తీసిన కృత్రిమ దారం పేరేమిటి?
3. ఖాళీని పూరించండి: బాటా సంస్థ పుట్టిల్లు ________ పట్టణం.

11.2.3 రైలులో పుట్టిన ఆలోచన

1952లో విఖ్టెర్లె రైలులో ప్రయాణం చేస్తున్నాడు. పక్కనున్న ప్రయాణికుడు ఆరోగ్య శాఖ ఉద్యోగి. ఆయన చేతిలోని పత్రికలో, దెబ్బతిన్న కంటి స్థానంలో అమర్చే లోహపు పరికరం గురించిన వ్యాసం ఉంది. దాని మీద ఇద్దరికీ మాటలు కలిశాయి. లోహం గట్టిది, దేహం మెత్తనిది. మన దేహంలో ఎక్కువ భాగం నీరే. అలాంటి దేహంలో అమర్చే వస్తువు కూడా నీటిని పట్టి ఉంచే మెత్తని పదార్థమైతే బాగుంటుంది కదా అని విఖ్టెర్లెకు తోచింది. అలాంటి పదార్థం ప్రకృతిలో ఉంది. మనిషి చేతితో చేయగలమా అన్నదే ప్రశ్న.

ఇక్కడ మూడు మాటలు తెలుసుకోవాలి. మల్లెమొగ్గలను దారంతో గుచ్చితే దండ అవుతుంది. రసాయన శాస్త్రంలో ఒక్కో మొగ్గ లాంటి చిన్న అణువును మోనోమర్ అంటారు. అలాంటి వేల అణువులు వరుసగా కలిసి ఏర్పడిన పొడవైన గొలుసును పాలిమర్ అంటారు. దండలను పక్కపక్కన పెట్టి అక్కడక్కడ ముడివేస్తే వల తయారవుతుంది. నీటిని ఇష్టపడే గొలుసులతో అల్లిన అటువంటి వల నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, కాని నీటిలో కరిగిపోదు. దానిని హైడ్రోజెల్ అంటారు.

తాటిముంజను తలచుకోండి. అందులో నీరే ఎక్కువ. అయినా అది కారిపోదు. చేతిలో పట్టుకుంటే ఆకారం నిలుస్తుంది. సబ్జాగింజలను నీళ్లలో వేస్తే వాటి చుట్టూ ఏర్పడే జిగురుపొర కూడా ఇలాంటిదే.

విఖ్టెర్లె, ఆయన సహాయకుడు ద్రహొస్లావ్ లీమ్ కలిసి అనేక మోనోమర్లను పరీక్షించారు. హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్ అనే మోనోమర్‌తో చేసిన వల వాళ్లు కోరుకున్న గుణాలు చూపింది. ఎండితే గాజులా గట్టిగా ఉంటుంది. నీటిలో వేస్తే తన మొత్తం బరువులో సుమారు 40 శాతం నీటితో నిండి మెత్తబడుతుంది. పారదర్శకంగా ఉంటుంది. దేహానికి హాని చేయదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. గొలుసులో చేరకుండా మిగిలిపోయిన మోనోమర్ దేహానికి మంచిది కాదు. అందువల్ల తయారైన జెల్‌ను బాగా కడగాలి. ఈ పదార్థం గురించి ఇద్దరూ రాసిన పత్రం 1960లో నేచర్ పత్రికలో అచ్చయింది.

11.2.4 కటకం కోసం కష్టాలు

ఆ రోజుల్లో కాంటాక్ట్ లెన్సులు లేకపోలేదు. 1880ల చివరలోనే గాజుతో చేశారు. తరువాత గట్టి ప్లాస్టిక్‌తో చేశారు. కాని అవి కంటిని ఒరుసుకునేవి. చాలామంది వాటిని భరించలేకపోయేవారు. మరొక చిక్కు కూడా ఉంది. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దానికి రక్తనాళాలు లేవు. దానికి కావలసిన ప్రాణవాయువు ఎక్కువగా గాలి నుంచి కన్నీటి ద్వారా అందుతుంది. పాత ప్లాస్టిక్ ఆ వాయువును అడ్డుకునేది. నీటితో నిండిన హైడ్రోజెల్ గుండా కొంత ప్రాణవాయువు లోపలికి పోతుంది.

పదార్థం దొరికింది. దానిని కటకంగా మలచడం మాత్రం కష్టమైంది. 1957లో మూసి ఉండే అచ్చులలో దాదాపు వంద కటకాలు పోశారు. అచ్చు విప్పి తీసేటప్పుడు వాటి అంచులు చిరిగిపోయేవి. ఒక్కొక్కదాని అంచును చేతితో సరిచేయవలసి వచ్చేది. చిరుగు అంచు కంటికి ముల్లులాంటిది.

ఇంతలో 1958లో కమ్యూనిస్టు ప్రభుత్వం విద్యాసంస్థలలో తనకు నచ్చనివారిని ఏరివేసింది. విఖ్టెర్లె కూడా ఉద్యోగం కోల్పోయాడు. అయితే ఆయన పేరు అప్పటికే విదేశాల్లోనూ తెలుసు. అందువల్ల దేశ విజ్ఞాన అకాడమీ పాలిమర్ల కోసం కొత్త పరిశోధన సంస్థను నెలకొల్పి, 1959లో ఆయనను దానికి సంచాలకునిగా నియమించింది. కాని భవనం ఇంకా పూర్తి కాలేదు. పైగా కటకాల మీద పని లాభం లేదని తలచి ఆరోగ్య శాఖ దానిని ఆపించింది. పదవి ఉంది గాని ప్రయోగశాల లేదు, కటకాల పనికి అనుమతీ లేదు.

11.2.5 ఇంట్లో కట్టిన యంత్రం

1961 చివర, క్రిస్మస్ సెలవుల్లో, విఖ్టెర్లె తన ఇంట్లోనే పనికి కూర్చున్నాడు. పిల్లలు ఆడుకునే మెర్కూర్ అనే పెట్టె ఉంది. అందులో చిల్లులున్న రేకు పట్టీలు, చక్రాలు, ఇరుసులు, నట్లు, బోల్టులు ఉంటాయి. వాటితో ఒక చిన్న యంత్రం బిగించాడు. కొడుకు సైకిలు డైనమోను తీసి అమర్చాడు. డైనమోను తిప్పితే కరెంటు వస్తుంది. దానికే కరెంటు ఇస్తే అది తిరుగుతుంది. ఆ కరెంటును ఇంటి కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అందించాడు. యంత్రం మీద గిన్నెలా గుంటగా ఉన్న చిన్న అచ్చు గిరగిర తిరుగుతుంది. అందులో మోనోమర్ ద్రవం చుక్కలుగా వేస్తే, అది తిరుగుతూ తిరుగుతూనే గట్టిపడుతుంది.

ఇందులో కిటుకు ఏమిటి? ఒక గ్లాసులో మజ్జిగ పోసి చెంచాతో వేగంగా తిప్పండి. మధ్యలో గుంట పడుతుంది, అంచుల దగ్గర మజ్జిగ పైకి లేస్తుంది. ఎంత వేగంగా తిప్పితే గుంట అంత లోతవుతుంది. ఇక్కడా అంతే. కటకం వెలుపలి వంపు అచ్చు నుంచి వస్తుంది. లోపలి వంపు తిరిగే వేగం నుంచి వస్తుంది. వేగాన్ని మార్చి కటకం శక్తిని మార్చవచ్చు. అచ్చుకు పైమూత లేదు కాబట్టి అంచు చిరిగే సమస్య లేదు. పైభాగం దానంతట అదే నునుపుగా వస్తుంది. సంవత్సరాలుగా వేధించిన చిక్కు ఈ ఒక్క ఉపాయంతో విడిపోయింది.

మొదట నాలుగు కటకాలు తయారయ్యాయి. విఖ్టెర్లె వాటిని తన కళ్లలోనే పెట్టుకుని చూసుకున్నాడు. ఆయన చూపుకు తగిన శక్తి వాటికి లేదు. కాని కంటికి బాధ కలగలేదు. ఆయన కోరుకున్నది అదే. కొద్ది రోజుల్లోనే ఈ పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు.

ఆ తరువాత యంత్రాన్ని పెంచాడు. ఒక అచ్చుకు బదులు అనేక అచ్చులు వరుసగా తిరిగేలా అమర్చాడు. డైనమో శక్తి చాలకపోతే గ్రామఫోను మోటారు తీసి పెట్టాడు. భార్య లిండా ఈ పనిలో సమానంగా పాలుపంచుకుంది. 1962 మొదటి నాలుగు నెలల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఇంట్లోనే 5,500 కటకాలు తయారుచేశారు. లాభం లేదని ప్రభుత్వం ఆపిన పనికి ఇంతకు మించిన సమాధానం అక్కరలేకపోయింది.

పాఠగత ప్రశ్నలు - 2

4. హైడ్రోజెల్ నీటిలో ఎందుకు కరిగిపోదు?
5. కటకం లోపలి వంపు దేని మీద ఆధారపడి ఉంటుంది?
6. సరైనదానిని గుర్తించండి: డైనమో శక్తి చాలనప్పుడు విఖ్టెర్లె వాడినది (అ) కుట్టుమిషను మోటారు (ఆ) గ్రామఫోను మోటారు (ఇ) కారు ఇంజను.

11.2.6 ఫలితం ఎవరిది?

పేటెంటు అంటే ఒక ఆవిష్కరణ మీద కొంతకాలం ఉండే చట్టబద్ధమైన హక్కు. విఖ్టెర్లె కటకాల విషయంలో ఆ హక్కు అకాడమీ చేతిలో ఉంది. 1965లో దానిని ఒక అమెరికన్ సంస్థకు అమ్మివేశారు. కనుగొన్న మనిషికి ఆ సంగతి ముందుగా తెలియనే తెలియదు. ఆ హక్కు అక్కడి నుంచి కళ్లద్దాల పరిశ్రమలో పేరున్న బాష్ అండ్ లాంబ్ సంస్థకు చేరింది. 1971లో అమెరికా ప్రభుత్వం మెత్తని కటకాల అమ్మకానికి అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి అవి ప్రపంచమంతా వ్యాపించాయి. అమ్మినవారికి అపారమైన ధనం వచ్చింది. విఖ్టెర్లెకు ముట్టింది అందులో అతి స్వల్పం. ఆయన దేశానికి కూడా రావలసినంత రాలేదు.

స్వదేశంలో మరో దెబ్బ తగిలింది. 1968లో చెకొస్లొవేకియాలో స్వేచ్ఛ కోరే ఉద్యమం వచ్చింది. సంస్కరణలు కోరుతూ వెలువడిన ఒక బహిరంగ ప్రకటన మీద విఖ్టెర్లె సంతకం చేశాడు. అదే సంవత్సరం ఆగస్టులో సోవియట్ కూటమి సైన్యాలు ఆ దేశంలో ప్రవేశించి ఉద్యమాన్ని అణచివేశాయి. సంతకం చేసినవారు ఒక్కొక్కరుగా శిక్ష అనుభవించారు. 1970లో విఖ్టెర్లెను సంచాలక పదవి నుంచి తొలగించారు. ఆయన పరిశోధనకు అడ్డంకులు కల్పించారు. ఆయన కనుగొన్న కటకాలను లక్షలమంది కళ్లలో పెట్టుకుంటున్న కాలంలోనే, ఆయన మాత్రం స్వదేశంలో వెనక వరుసలో కూర్చోవలసి వచ్చింది. అయినా ఆయన పని మానలేదు. జీవితకాలంలో సుమారు 180 పేటెంట్లలో ఆయన పేరు ఉంది.

1989 నవంబరులో ఆ ప్రభుత్వం కూలిపోయింది. మరుసటి ఏడాది, తనను పక్కన పెట్టిన అకాడమీకే విఖ్టెర్లె అధ్యక్షుడయ్యాడు. 1992 చివర దేశం విడిపోయే వరకు ఆ బాధ్యత నిర్వహించాడు. 1993లో ఒక చిన్న గ్రహానికి ఆయన పేరు పెట్టారు. 1998 ఆగస్టు 18న మొరావియాలోని స్త్రాజిస్కో గ్రామంలో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

11.2.7 ఆ దారిలో మరికొన్ని అడుగులు

నీటిని పట్టి ఉంచే జెల్ దేహానికి పనికివస్తుందని విఖ్టెర్లె, లీమ్ చూపించారు. ఆ తరువాత ఇతర దేశాల శాస్త్రవేత్తలు కొత్త కొత్త మోనోమర్లతో జెల్‌లు చేశారు. వాటిలో ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ ఒక వింత మోనోమర్. చూడటానికి తెల్లని పొడి. దానితో చేసిన జెల్ చల్లని నీటిలో నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. వేడి సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాటితే నీటిని బయటికి వదిలి ముడుచుకుంటుంది. చల్లారిస్తే మళ్లీ ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు గొలుసులు నీటిని అంటిపెట్టుకుంటాయి. వేడెక్కినప్పుడు నీటిని విడిచి ఒకదాన్నొకటి అంటుకుంటాయి. ముడుచుకోవడానికి కారణం అదే.

మన దేహపు వేడి 37 డిగ్రీలు. గది వేడిని అంతకంటె తక్కువగా, 20 డిగ్రీల వరకు దించవచ్చు. 32 ఈ రెండింటికీ నడుమ ఉంది. అందుకే ఈ పదార్థం వైద్య పరిశోధకులకు ఎంతో నచ్చింది. జపాన్ శాస్త్రవేత్తలు గిన్నె అడుగున దీనిని పలుచని పూతగా అమర్చి, 37 డిగ్రీల దగ్గర దాని మీద జీవకణాలను పెంచారు. తరువాత గిన్నెను చల్లారిస్తే పూత నీరు పీల్చుకుంటుంది, కణాల పొర చిరగకుండా దానంతట అదే విడివడుతుంది. ఇలా పెంచిన పొరలను దెబ్బతిన్న కార్నియాను బాగుచేయడానికి కూడా వాడి చూశారు. కంటి కోసం మొదలైన జెల్ కథ మరో దారిలో మళ్లీ కంటి దగ్గరికే వచ్చింది.

మన దేశంలో హైడ్రోజెల్ పొలానికి కూడా చేరింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా హైడ్రోజెల్‌ను రూపొందించింది. మట్టిలో కలిపితే అది తడిసినప్పుడు నీటిని పట్టి ఉంచి, ఎండినప్పుడు వేళ్లకు అందిస్తుంది.

11.3 మీరు ఏం నేర్చుకున్నారు

- విఖ్టెర్లె మొరావియాలో పుట్టి, ప్రాగ్‌లో చదివి, బాటా సంస్థలో కృత్రిమ దారం మీద పని చేశాడు.
- నీటిని పట్టి ఉంచే పాలిమర్ వలను హైడ్రోజెల్ అంటారు.
- తిరిగే అచ్చులో మోనోమర్ ద్రవాన్ని గట్టిపరచి ఆయన 1961లో మెత్తని కటకాలు చేశాడు.
- ఆవిష్కరణ లాభం ఆయనకు దక్కలేదు. పదవి రెండుసార్లు పోయింది. పని మాత్రం ఆగలేదు.

11.4 పదాలు - అర్థాలు

కటకం: కాంతిని వంచే వంపుగల పారదర్శక వస్తువు
పారదర్శకం: అవతలి వస్తువు కనిపించేటట్లు ఉన్నది
సంచాలకుడు: సంస్థను నడిపే అధికారి
ఏరివేయు: ఎంచి తొలగించు
కిటుకు: పనిలోని మెళకువ

11.5 అభ్యాసం

1. మోనోమర్, పాలిమర్, హైడ్రోజెల్‌లను మీ ఇంట్లో, మీ ఊళ్లో కనిపించే వస్తువులతో పోల్చి రాయండి.
2. విఖ్టెర్లె ఇంట్లో కట్టిన యంత్రం పనిచేసే తీరును పది వాక్యాల్లో వర్ణించండి.
3. పేటెంటు అమ్మకం విషయంలో విఖ్టెర్లెకు న్యాయం జరిగిందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
4. మీకు తెలిసినవారిలో, చేతికి దొరికిన వస్తువులతో పనికివచ్చే పరికరం చేసినవారు ఎవరైనా ఉన్నారా? వారితో మాట్లాడి ఒక పేజీ రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. హిట్లర్ సైన్యం చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేసినందువల్ల.
2. సిలాన్.
3. జ్లీన్.
4. దాని గొలుసులు ఒకదానికొకటి ముడిపడి వలగా ఉన్నందువల్ల.
5. అచ్చు తిరిగే వేగం మీద.
6. (ఆ) గ్రామఫోను మోటారు.